నీటి ఒడ్డున జింకల మరణాలు: వైరస్‌ను గుర్తించేదెలా?

ప్రశ్న: మా అబ్బాయి ఉండే అమెరికాలోని ఒహాయోలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెల్లతోక జింకలు చెరువుల పక్కన చనిపోయి కనిపిస్తున్నాయట. ఏ వైరస్ కారణమో ఎలా తేలుస్తారండీ? – ఒక పాఠకురాలు

జవాబు: 1955లో న్యూజెర్సీలో తొలిసారి గుర్తించిన ఎపిజూటిక్ హెమరేజిక్ డిసీజ్ అనే, రక్తస్రావం కలిగించే వైరస్ వ్యాధిని ముందుగా అనుమానించాలి. దోమకన్నా చిన్నవైన కుట్టే ఈగలు దీన్ని వ్యాపింపజేస్తాయి. జ్వరంతో తపించే జింకలు నీటిని వెతుక్కుంటూ వెళ్లి, పాపం, అక్కడే ప్రాణాలు విడుస్తాయి. నాలుక వాపు, నోటి పుళ్లు, లోపలి రక్తస్రావం కనిపించినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు, ఎందుకంటే నీలినాలుక (బ్లూటంగ్) అనే మరో వైరస్ వ్యాధి లక్షణాలు కూడా అచ్చం ఇవే. కళేబరం కుళ్లకముందే ప్లీహం, ఊపిరితిత్తుల ముక్కలు తీసి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపితే, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఆ రెండు వైరస్‌లలో ఏదో తేలుస్తుంది. రక్తంలో యాంటీబాడీలు మాత్రమే ఉంటే అది ఎప్పుడో సోకిన గుర్తు కావచ్చు. ఈ వ్యాధి మనుషులకు సోకదు. అయినా మీ అబ్బాయిని కళేబరాన్ని ముట్టుకోకుండా, వెంటనే రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి తెలపమనండి.