పెరిగే కుందేలు పిల్లలకు సోయా చెక్క బదులు ఏం పెట్టవచ్చు?

సోయా చెక్క ధర భరించలేకపోతున్నామనీ, పెరిగే కుందేలు పిల్లలకు మాంసకృత్తుల కోసం మరే మొక్కల దాణా పెట్టవచ్చో, వేరుశనగ చెక్క ఒక్కటే సరిపోతుందో చెప్పమనీ మీరు అడిగారు. కళ్యాణదుర్గం దగ్గర మా చేనిలో ఆరేళ్లు కుందేళ్లు పెంచినవాణ్ణి కాబట్టి చివరి మాటకే ముందుగా జవాబు చెబుతాను: వేరుశనగ చెక్కను నమ్ముకోవద్దు. అనంతపురం జిల్లాలో ఉండి ఈ మాట అంటే మా ఊరి పెద్దలు నన్ను వింతగా చూస్తారు, ఎందుకంటే ఇక్కడ పశువుకు బలమంటే చెక్కే, చెక్క అంటే వేరుశనగదే.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ చెక్కలో మాంసకృత్తులు 40 శాతం దాకా ఉంటాయి; పెరిగే పిల్లకు మొత్తం దాణాలో కావలసింది 16 నుంచి 18 శాతమే కనుక లెక్క తేలిగ్గా కుదిరింది. ఆ ఏడాది కాయ ఊరే సమయంలో పైరు బెట్టకు వచ్చింది, తీరా కట్టె పీకి కుప్ప వేశాక ముసురు పట్టింది. ఆ కాయలనే గానుగ ఆడించి, చెక్కను గోనె సంచులలో నింపి రేకుల షెడ్డులో నేల మీదే పెట్టాను. నెల రోజులకు పాలు మాన్పించిన పిల్లలు అప్పుడు నా బోనులలో 34 ఉన్నాయి. మూడో వారంలో అవి దాణా గిన్నె దగ్గరకు రావడం మానేశాయి. ఒకదాని చెవిని వెలుతురుకు పట్టి చూస్తే గులాబీ రంగు పోయి పసుపు కనిపించింది. పది రోజులలో 19 చనిపోయాయి. పశువైద్యుడు ఒకదానిని గోనె పట్టా మీద పరిచి కోసి, పాలిపోయి పసుపుబారిన కాలేయాన్ని, ఉబ్బిన పిత్తాశయాన్ని చూపించి, చెక్క తెమ్మన్నారు. నేను తెచ్చిన పెళ్లను రెండుగా విరిస్తే, పైకి శుభ్రంగానే ఉన్నా, నడుమ నుంచి పచ్చని బూజు పొడిలా రాలింది.

ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. బెట్ట సమయంలో బూజు చేలోనే కాయలోకి చేరుతుంది, నిల్వలో తేమ తగిలితే పెరుగుతుంది, దాణాను ఉడికించినంత మాత్రాన విషం పోదు. అదే చెక్క మన గేదె తింటోంది కదా అని మా అమ్మ అడిగింది. గేదె కొంత తట్టుకుంటుంది, కుందేలు మాత్రం ఆ విషానికి త్వరగా లొంగిపోయే జంతువులలో ఒకటి. గేదె తిన్న విషంలో కొంత రూపు మారి పాలలోకి వస్తుందని చెబితే మా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు, అది వేరే గొడవ.

విషం మాట పక్కన పెట్టినా, పిల్ల పెరగడానికి తప్పనిసరైన లైసీన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులలోని భాగాలు) వేరుశనగ చెక్కలో రెండూ తక్కువే, బస్తా మీద శాతం చూసి కొనేవారికి ఈ లోటు కనబడదు. పొద్దుతిరుగుడు చెక్కలో మిథియోనిన్ బాగుంటుంది, లైసీన్ చాలదు. ఉలవలలో లైసీన్ బాగుంటుంది, మిథియోనిన్ చాలదు. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. పొట్టుతో ఆడిన పొద్దుతిరుగుడు చెక్కలో పీచు ఎక్కువని కోళ్లవారు వద్దంటారు గానీ కుందేలుకు కావలసింది ఆ పీచే. పీచు తగ్గి పిండిపదార్థం పెరిగితే పాలు మానిన పిల్ల పారుకుని రెండు రోజులలో పోతుంది.

తరువాత నేను స్థిరపడిన దాణా 100 కిలోలకు ఇదీ: పొద్దుతిరుగుడు చెక్క 20, వేయించి పగలగొట్టిన ఉలవలు 8, మొక్కజొన్న 20, గోధుమ తవుడు 25, ఎండబెట్టిన లూసర్న్ లేదా దశరథ గడ్డి (రెండూ చిక్కుడు జాతి పశుగ్రాసాలే) ఆకు 25, ఖనిజ మిశ్రమం ఒకటిన్నర, ఉప్పు అర కిలో. ఇందులో మాంసకృత్తులు సుమారు 17 శాతం, పీచు 14 శాతం వస్తాయి. ఉలవలను పచ్చిగా పెట్టకూడదు, మాంసకృత్తులను అరగనివ్వని గుణం వాటిలో ఉంది, వేడి తగిలితే అది తగ్గుతుంది.

నా దృష్టిలో ఈ దాణాకు ప్రాణం చెక్క కాదు, ఆకు. దశరథ గడ్డి ఒకసారి నాటితే, కాస్త నీరు అందితే చాలు, ఏళ్ల తరబడి కోతకు వస్తుంది. దానిని మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగేస్తే ఆకంతా నేలరాలి చేతిలో పుల్లలే మిగులుతాయి. నీడన ఆరబెట్టి, తెల్లవారుజామున కాస్త మెత్తగా ఉన్నప్పుడే తిప్పాలి. సుబాబుల్ ఆకులోనూ మాంసకృత్తులు పుష్కలమే గానీ, అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి. మా పక్క చేను ఆయన కుందేళ్లు వీపు మీద చర్మం కనిపించేదాకా వచ్చాయి, కాబట్టి దానిని పచ్చిమేతలో కొద్దిగా కలపడమే తప్ప దాణాలో వేయలేదు.

మీకు సోయా చెక్క మంచిది అందుబాటులో ఉన్నంతవరకు పూర్తిగా మానేయవలసిన పని లేదు, పొద్దుతిరుగుడు చెక్కలో నాలుగో వంతు తీసేసి ఆ మేరకు సోయా కలపండి. ఏది మార్చినా పాత దాణాలో కొద్దికొద్దిగా కలుపుతూ పది రోజులలో మార్చండి, పాలు మాన్పించిన వారంలో మాత్రం అసలు మార్చకండి.