వ్యంగ్యానికీ వెటకారానికీ తేడా ఏమిటి? రాసేటప్పుడు వ్యంగ్యాన్ని ఎలా వాడాలి?

ఈ తేడా నాకు పుస్తకాలకన్నా ముందు మా వాచ్‌మన్ నేర్పాడు.

హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటు వాళ్లు ఉగాదికి చిన్న సంచిక వేస్తారు. ఒక ఏడాది బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడిన పాట్ల మీద వ్యాసం రాశాను. అర్ధరాత్రి ట్యాంకరు హారన్ మోగించినా లేవని వాచ్‌మన్ పాత్ర ఒకటి అందులో పెట్టాను. చదివినవాళ్లంతా పడిపడి నవ్వారు. పదో తరగతి చదివే వాచ్‌మన్ కూతురు ఆ కాగితాలు చూసి తండ్రికి చదివి వినిపించిందట. మర్నాడు గేటు దగ్గర ఆయన, "సార్, ఆ నెలంతా నేను రాత్రిళ్లు నిద్రపోలేదు" అన్నాడు. నిజమే. నేను రాసింది వెటకారం: దెబ్బ తప్పుకు కాక, తప్పు చేయని మనిషికి తగిలింది.

అలంకార శాస్త్రం మాటకు మూడు శక్తులు చెబుతుంది: అభిధ (నేరుగా ఉన్న అర్థాన్ని చెప్పేది), లక్షణ (నేరు అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని ఇచ్చేది), వ్యంజన (పైకి చెప్పనిదాన్ని తోపించేది). మూడోదాని వల్ల స్ఫురించే అర్థమే వ్యంగ్యం. అసలు ఆ మాటలో ఎగతాళి లేదు, పైకి చెప్పకుండా తోపించడమే ఉంది. గంటన్నర ఆలస్యంగా వచ్చినవాణ్ణి "అప్పుడే వచ్చేశావా!" అన్నప్పుడు జరిగేది అదే.

గురజాడ 'కన్యాశుల్కం' చూడండి. గిరీశం ఎలాంటివాడో రచయిత మనకు చెప్పరు. వితంతు వివాహాల మీద అతని ఉపన్యాసాలే అతని స్వార్థాన్ని బయటపెడతాయి. దెబ్బ మాత్రం ఆడపిల్లల్ని డబ్బుకు అమ్ముకునే ఆచారానికి తగులుతుంది. లోకం చులకనగా చూసే వేశ్య మధురవాణిని ఆయన వెక్కిరించలేదు సరికదా, 1897 నాటి నాటకాన్ని 1909లో తిరగరాసినప్పుడు ఆ పాత్రను ఇంకా పెంచారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

నా వ్యాసంలోంచి వాచ్‌మన్‌ను తీసేశాను. ఇంకుడు గుంత తవ్వించాలని మా కమిటీ వరుసగా మూడేళ్లు చేసిన తీర్మానాలను, ఒక్క విశేషణం కూడా చేర్చకుండా, తేదీలతో సహా దింపాను. ఒక్కోదాని కింద ఆ వేసవి ట్యాంకర్ల బిల్లు వేశాను. ఈసారి చదివినవాళ్లు తక్కువే నవ్వారు. తర్వాతి సమావేశంలో మాత్రం గుంత ఎక్కడ తవ్వాలన్న దాని మీదే గంటసేపు మాట్లాడుకున్నారు.