చీటీ పంపు, మూట పంపకు

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నీ ఆండ్రాయిడ్ కిరాణా ఖాతా యాప్‌లో ఖాతాదారు పేరు నొక్కితే రెండో స్క్రీన్ తెరుచుకుంటోంది కానీ, ఎవరి పేరు నొక్కినా బాకీ సున్నానే చూపిస్తోందని రాశావు. క్రాష్ అయినా బాగుండేది, ఏ లైనులో తప్పో తెలిసేదన్నావు. నిజమే. స్క్రీన్ల మధ్య డేటా పంపేటప్పుడు దొర్లే తప్పులు చాలావరకు ఇలా నోరు మెదపవు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడు. రెండో యాక్టివిటీని, అంటే రెండో స్క్రీన్‌ను, తయారుచేసేది నువ్వు కాదు. నువ్వు ఇంటెంట్ అనే చీటీ రాసి సిస్టమ్ చేతికిస్తావు, మిగతాది అది చూసుకుంటుంది. అందుకే కన్‌స్ట్రక్టర్‌లో పెట్టి ఏదీ పంపలేవు. పుట్‌ఎక్స్‌ట్రాతో, అంటే ఒక కీ (పేరు) తగిలించి, చీటీలో రాసినవి బైట్లుగా మారి సిస్టమ్ దాకా వెళ్ళి, అవతల మళ్ళీ విప్పుకుంటాయి. చేరేది నకలే. రెండో స్క్రీన్‌లో ఆ నకలు దిద్దితే, మొదటి స్క్రీన్‌లో ఉన్న అసలుకు ఆ సంగతే తెలియదు.

ఇక నీ సున్నా. నువ్వు పంపిన రెండు లైన్లూ చూశాను. డేటాబేస్‌లో ఖాతాదారు ఐడీని లాంగ్‌గా (పెద్ద అంకెలు పట్టే రకంగా) పెట్టావు, దాన్నే పుట్‌ఎక్స్‌ట్రాలో వేశావు. అంతవరకూ బాగానే ఉంది. అవతల మాత్రం గెట్‌ఇంట్‌ఎక్స్‌ట్రాతో తీస్తూ డిఫాల్ట్ విలువ, అంటే ఏమీ దొరకనప్పుడు వాడేది, 0 ఇచ్చావు. పెట్టింది లాంగ్, అడిగింది ఇంట్ (చిన్న అంకెల రకం). రకం కుదరలేదని ఆండ్రాయిడ్ క్రాష్ చేయదు. నువ్విచ్చిన డిఫాల్ట్‌నే చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఐడీ 0 అయింది. నీ డేటాబేస్ లైబ్రరీ రూమ్ తనంతట తాను వేసే నంబర్లు 1 నుంచి మొదలవుతాయి కాబట్టి 0 నంబరు ఖాతాదారు ఎవరూ లేరు, వాళ్ళ పద్దులూ లేవు, మొత్తం సున్నా. ఇదంతా లాగ్‌క్యాట్‌లో, అంటే యాప్ నడిచేటప్పుడు సందేశాలు పడే చోట, రాసే ఉంటుంది. బండిల్ అనే ట్యాగ్ కింద, ఇంటీజర్ అడిగితే లాంగ్ దొరికింది, డిఫాల్ట్ ఇచ్చాను అని ఒక హెచ్చరిక కనిపిస్తుంది. అది ఎర్ర రంగులో ఉండదు కాబట్టి ఎవరూ చూడరు.

గెట్‌లాంగ్‌ఎక్స్‌ట్రా అని మార్చు. డిఫాల్ట్‌గా 0 వద్దు, మైనస్ 1 పెట్టు, లాంగ్ కాబట్టి చివర ఎల్ తగిలించడం మరిచిపోకు. తీసిన వెంటనే మైనస్ 1 వచ్చిందేమో చూసి, వస్తే లాగ్‌లో ఒక ముక్క రాసి ఆ స్క్రీన్‌ను మూసే ఫినిష్ పిలిచెయ్. సున్నా బాకీ నిజంగానే ఉండొచ్చు. మైనస్ 1 ఐడీ ఎప్పటికీ ఉండదు.

కీ పేరుదీ ఇదే కథ. ఒకచోట ఐడీలో డీ పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం అయితే అవి రెండు వేరే కీలు. ఈసారి లాగ్‌లో హెచ్చరిక కూడా రాదు, అసలు ఆ పేరుతో ఏమీ లేదు కాబట్టి. దీనికి ఒకటే విరుగుడు, కీని చేత్తో రెండు చోట్ల రాయకు. రెండో యాక్టివిటీలోనే కంపానియన్ ఆబ్జెక్ట్ (క్లాసు మొత్తానికి ఒకటే ఉండే భాగం) పెట్టి, అందులో కీని కాన్‌స్టంట్‌గా రాసి, కాంటెక్స్ట్‌నూ లాంగ్ ఐడీనీ తీసుకుని ఇంటెంట్ తయారుచేసి ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకో. ఎక్కణ్ణుంచి ఆ స్క్రీన్ తెరవాలన్నా ఆ ఫంక్షన్నే పిలువు. అప్పుడు ఇంట్ ఇవ్వబోతే కంపైలరే ఒప్పుకోదు. పది లైన్ల పని, బద్ధకించకు.

ఎడిట్‌టెక్స్ట్ పెట్టెలో టైప్ చేసిన పేరు పంపేటప్పుడు డాట్ టెక్స్ట్ దగ్గర ఆగిపోకు, టూస్ట్రింగ్ కూడా చెయ్యాలి. డాట్ టెక్స్ట్ ఇచ్చేది స్ట్రింగ్ కాదు, ఎడిటబుల్. కంపైల్ అవుతుంది, వెళ్తుంది, అవతల గెట్‌స్ట్రింగ్‌ఎక్స్‌ట్రా నల్ ఇస్తుంది. టైప్ చేసిన డబ్బు మొత్తాన్ని అంకెగా మార్చేచోట టూఇంట్ బదులు టూఇంట్‌ఆర్‌నల్ వాడు, ఖాళీ పెట్టెతో బటన్ నొక్కేవాళ్ళు తప్పక ఉంటారు. బాకీ చూపించేటప్పుడు సెట్‌టెక్స్ట్‌కు అంకెను నేరుగా ఇస్తే, 450 రూపాయలను 450 నంబరు రిసోర్స్ అనుకుని వెతికి, దొరక్క యాప్ పడిపోతుంది. ఇది కనీసం గట్టిగా పడిపోతుంది కాబట్టి మేలు.

మొదటి స్క్రీన్‌లో ఉన్న ఖాతాదారుల లిస్టు మొత్తాన్ని పంపేద్దామా అని అడిగావు. వద్దు. ఐడీ ఒక్కటి పంపు, మిగతాది రెండో స్క్రీన్ డేటాబేస్ నుంచి తెచ్చుకుంటుంది. చీటీలు మోసే బైండర్ బఫర్ ఒక్కో ప్రాసెస్‌కు దాదాపు 1 ఎంబీ, అదీ ఆ సమయంలో నడుస్తున్న లావాదేవీలన్నిటికీ కలిపి. కొన్ని కేబీలు దాటకుండా చూసుకో. బిల్లు ఫోటో పంపాలనుకుంటే లెక్క వేసుకో: 12 మెగాపిక్సెళ్ళ ఫోటో బిట్‌మ్యాప్‌గా విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ. ట్రాన్సాక్షన్ టూ లార్జ్ అంటూ పడిపోక ఏమవుతుంది? ఫైలును సేవ్ చేసి దాని యూఆర్ఐ (చిరునామా) మాత్రం పంపు. పైగా లిస్టు నకలు పంపితే, రెండో స్క్రీన్‌లో వంద జమ చేశాక ఒకచోట పాత బాకీ, ఒకచోట కొత్త బాకీ కనబడతాయి.

గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టేస్తే సుళువు కదా అని నీ స్నేహితురాలు చెప్పిందట. నీ ఫోన్‌లో పనిచేస్తుంది. షాపాయన యాప్‌ను పక్కకు నెట్టి వేరే పనిలో పడ్డప్పుడు, మెమరీ చాలక సిస్టమ్ నీ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆయన తిరిగి వచ్చేసరికి సిస్టమ్ నేరుగా రెండో స్క్రీన్‌నే మళ్ళీ కడుతుంది. మొదటి స్క్రీన్ కోడ్ నడవనే లేదు, నీ గ్లోబల్ ఖాళీ. ఇంటెంట్‌లో రాసిన ఐడీని మాత్రం సిస్టమ్ దాచి ఉంచి మళ్ళీ ఇస్తుంది.

వెనక్కు డేటా తేవడం దగ్గరే కొత్తవాళ్ళు ఎక్కువ తడబడతారు. జమ రాశాక మొదటి స్క్రీన్‌కు వెళ్ళాలని మళ్ళీ స్టార్ట్‌యాక్టివిటీ పిలవకు. పాతది కింద అలాగే ఉండి దానిమీద ఇంకోటి పేరుకుంటుంది. బ్యాక్ నొక్కినకొద్దీ కింద నుంచి పాత స్క్రీన్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. వెనక్కి వెళ్ళడమంటే ఫినిష్, అంతే. ఫలితం కావాలంటే మొదటి యాక్టివిటీలో రిజిస్టర్‌ఫర్‌యాక్టివిటీరిజల్ట్‌ను క్లాసు పైభాగంలో ప్రాపర్టీగా రాయి. దాన్ని బటన్ నొక్కినప్పుడు రాస్తే ఆలస్యమైపోయింది, యాప్ పడిపోతుంది. నొక్కినప్పుడు చేయాల్సింది లాంచ్ ఒక్కటే. అవతల సెట్‌రిజల్ట్ ముందు, ఫినిష్ తర్వాత, ఈ వరుస తిరగబడకూడదు. షాపాయన ఏమీ రాయకుండా బ్యాక్ నొక్కితే రిజల్ట్ క్యాన్సిల్డ్ వస్తుంది, డేటా నల్‌గా ఉంటుంది. ఓకే వచ్చిందో లేదో చూడకుండా డేటా తీయబోకు. స్టార్ట్‌యాక్టివిటీఫర్‌రిజల్ట్ వాడే పాత పాఠాలు ఇంకా దొరుకుతాయి, ఆ పద్ధతి ఇప్పుడు వద్దు. అయినా నీ యాప్‌లో రూమ్ ఉంది కాబట్టి, లిస్టును ఫ్లోగా (మార్పు వచ్చినప్పుడల్లా కొత్త విలువ ఇచ్చే ధారగా) గమనిస్తూ ఉంటే జమ రాయగానే మొదటి స్క్రీన్ తనే మారుతుంది. ఈ రాకపోకల అవసరమే తగ్గుతుంది.

కొత్త యాక్టివిటీని మానిఫెస్ట్‌లో (యాప్‌లోని స్క్రీన్ల వివరాలు ఉండే ఫైలులో) రాయకపోతే తెరవగానే పడిపోతుంది, ఎర్రర్‌లోనే ఆ మాట అడుగుతుంది. స్క్రీన్లు కట్టే కొత్త పద్ధతి కంపోజ్‌కు మారినా ఐడీ పంపే నియమం అదే. అక్కడ స్ట్రింగ్ రూట్లలో (అక్షరాలతో రాసే స్క్రీన్ చిరునామాలలో) పేరు పంపితే, మధ్యలో ఒక స్లాష్ వచ్చినా దారి తప్పుతుంది.

అయిపోయిందనుకున్నాక ఫోన్ సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో డోంట్ కీప్ యాక్టివిటీస్ (వదిలిన స్క్రీన్‌ను వెంటనే చంపే సెట్టింగ్) ఆన్ చేసి యాప్ మొత్తం ఒకసారి తిరుగు. రెండో స్క్రీన్‌లో డబ్బు మొత్తం టైప్ చేస్తుండగా ఫోన్ అడ్డంగా తిప్పు. లేఅవుట్‌లో సొంత ఐడీ ఉన్న ఎడిట్‌టెక్స్ట్‌లోని రాత నిలుస్తుంది, నువ్వు మామూలు వేరియబుల్‌లో దాచుకున్నది పోతుంది. అలాంటివి వ్యూమోడల్‌లో (ఫోన్ తిప్పినా నిలిచే చోట) పెట్టు. పేరు మీద చకచకా రెండుసార్లు నొక్కి, రెండు స్క్రీన్లు తెరుచుకుంటున్నాయేమో కూడా చూడు. పని అయ్యాక ఆ సెట్టింగ్ తీసెయ్, లేకపోతే ఫోన్‌లో మిగతా యాప్‌లు కూడా విసిగిస్తాయి.

ముందు ఆ ఇంట్‌ను లాంగ్ చేసి చూడు. అప్పటికీ సున్నానే వస్తే, లాగ్‌క్యాట్‌లో బండిల్ ట్యాగ్‌తో వెతికి కనబడ్డ లైన్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పంపు, స్క్రీన్‌షాట్ వద్దు.

మీ బాబాయి