ఆ దూరం ఎక్కడి నుంచి, తల్లీ?

రాజోలు

చిట్టితల్లీ,

నువ్వు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే శిక్షణ, మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే అమ్మమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. నాకు మాత్రం రాత్రంతా నిద్ర లేదు.

విమానం దిగే దారి చూపే చార్టులో గుర్తులు నీకు వారంలో వచ్చేస్తాయి. దారిలో గుర్తుపెట్టిన చోటు, అదే వేపాయింట్, దాని చుట్టూ సున్నా ఉంటే దాని మీదికి వెళ్లాకే తిరగాలి, లేకపోతే కాస్త ముందే తిరగొచ్చు. ఎత్తు అంకె కింద గీత ఉంటే అంతకంటే దిగకూడదు. మాల్టీస్ శిలువ గుర్తు దగ్గర ఫైనల్, అంటే రన్‌వేకి దిగే ఆఖరి దారి, మొదలు. మిస్డ్ అప్రోచ్, అంటే దిగడం కుదరకపోతే మళ్లీ పైకి లేచే పద్ధతి, మాత్రం దిగడం మొదలెట్టకముందే నోటికి రావాలి.

నా భయమల్లా దూరాల గురించే. కో-పైలట్‌గా చేరిన రెండో ఏడు, వానాకాలం రాత్రి. ఏ వాలులో దిగాలో చూపే గ్లైడ్‌స్లోప్ పనిచేయడం లేదు, రన్‌వేకి తిన్నగా ఉన్నామో లేదో చూపే లోకలైజర్ ఒక్కటే దిక్కు. చార్టులో ఐదు మైళ్ల దగ్గర ఫిక్స్, అంటే గుర్తుపెట్టిన చోటు, ఉంది, అది దాటాకే దిగాలి. స్టేషన్ నుంచి దూరం చూపే డిఎంఇలో ఐదు కనబడగానే "ఐదు" అనేశాను. కెప్టెన్ గారు దిగలేదు. నా చెయ్యి పట్టుకుని డిఎంఇ స్విచ్ మీద పెట్టారు. అది హోల్డ్‌లో, అంటే పాత స్టేషన్‌నే పట్టుకుని, ఉండిపోయింది! నేను రన్‌వేకి దింపే ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టాను కానీ, దూరం ఇంకా పాత వీఓఆర్ అనే దారి చూపే రేడియో స్టేషన్ నుంచే వస్తోంది. ఆ వీఓఆర్ రన్‌వేకి రెండు మైళ్లు ఇవతల ఉంది. అంటే రన్‌వే ఇంకా ఏడు మైళ్లు. కింద గుట్టలు. చార్టులో ఆ ఐదు పక్కనే చిన్న అక్షరాల్లో ఐఎల్ఎస్ ఐడెంట్, అంటే ఆ స్టేషన్ గుర్తు పేరు, ఉంది. నేను అంకె ఒక్కటే చదివాను. ఆ చెయ్యి వణుకు హోటల్ రూముకి వెళ్లాక కూడా తగ్గలేదు.

1997లో గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 విమానం కొండను గుద్దుకుని 228 మంది పోయారు. అక్కడా గ్లైడ్‌స్లోప్ లేదు, డిఎంఇ స్టేషన్ రన్‌వేకి 3.3 మైళ్లు ఇవతల కొండ మీద ఉంది. ఆ వివరాలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నీ చిన్నప్పుడు వరదొస్తే రేడియో దగ్గర కూర్చునేవాళ్లం, గుర్తుందా? నలభై మూడు అడుగులనగానే ఇల్లు మునిగిపోతుందని ఏడ్చావు. అది భద్రాచలం లెక్కమ్మా, మన ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారని చెప్పి ఊరుకోబెట్టాను. చార్టులో ప్రతి దూరానికీ అలాగే అడుగు, ఎక్కడి లెక్క ఇది అని. స్టేషన్ మార్చిన ప్రతిసారీ అది పంపే మోర్స్ ఐడెంట్, టిక్కు టిక్కుమనే ఆ గుర్తు శబ్దం, చెవితో విను. బద్ధకించావని తెలిస్తే ఊరుకోను, నీకెంత వయసొచ్చినా సరే.

దసరాకి వచ్చేటప్పుడు నీ చార్టులు తెచ్చుకో. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివి వినిపించు. అక్షరాలు నాకు ఆనవుగానీ, వింటాను.

తాతయ్య