సూది పట్టుకుని మన వైపు వస్తున్న చిట్టికి

చిట్టీ,

ముసలివాళ్ల మెదడు మీద పరిశోధనకి నెత్తురు తీయడానికి ఇటే వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఈ ఒడిశా సరిహద్దు ఊళ్లు పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అంతా సూది పట్టుకుని తిరిగినదాన్ని కదా, చెప్పకుండా ఉండలేను. మీ గైడు చెప్పేవి వేరు, ఇవి వేరు.

నెత్తురు తీయడం పెద్ద విషయం కాదు. ముసలి చేతిలో నరం జారిపోతుంది, చిన్న సూది తెచ్చుకో. ఊదారంగు మూత ట్యూబు, నింపగానే మెల్లగా తిరగెయ్యడం, ఐసు పెట్టె. అంతే. వయసు రాసుకునే దగ్గరే ఉంది తిప్పలంతా.

నువ్వు ఫోనులో చెప్పింది నాకు బాగానే ఎక్కింది. డి.ఎన్.ఎ. అక్షరాలు మారవు, వాటికి అతుక్కునే చిన్న రసాయన గుర్తులు, అదే మిథైల్ గుర్తులు మాత్రం వయసుతోపాటు కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల తగ్గుతాయి. స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 2013లో అలాంటి 353 చోట్లు చూసి వయసు లెక్కగట్టాడు, తేడా 3.6 ఏళ్లకి అటూఇటూ. నీకు కావలసింది ఆ లెక్కకీ అసలు వయసుకీ మధ్య ఎంత ఉందన్నది. మరి ఆ అసలు వయసు ఎవరికి తెలుసు? ఇక్కడ ఆధార్ కార్డులు చూస్తే ఎంతమందో జనవరి 1నే పుట్టారు! పింఛను కోసం పెంచి రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎనిమిదేళ్లు తప్పు వయసు రాసుకుని, మూడేళ్ల తేడా కనిపెట్టామని పేపరు వేస్తే నవ్విపోతారు.

కార్డులో ఉన్నది రాసుకో, పక్కనే ఇంకో గడి పెట్టు. అణాలు పోయి నయాపైసలొచ్చిన 1957 నాటికి బడికి వెళ్తున్నారా? 1962 చైనా యుద్ధం నాటికి పెళ్లయిందా? 1980లో వంశధార గుణుపురాన్ని ముంచినప్పుడు చంకలో ఉన్నది ఎన్నో పిల్ల? ఆడవాళ్లు యుద్ధాలకంటే కాన్పులు బాగా గుర్తుపెట్టుకుంటారు. పెద్దకొడుకు వయసు తేల్చుకుని, అక్కణ్నుంచి వెనక్కి నడు. కోడలు మధ్యలో అందుకుని ఏదో అంకె చెబుతుంది, విని ఊరుకో.

మీ కాగితంలో 'ధూమపానం చేస్తారా' అని ఉండే ఉంటుంది. అలా అడిగితే ఏ మామ్మైనా లేదంటుంది. 'అడ్డపొగ వేస్తావా మామ్మా' అను. కొంగు ముడి విప్పి చుట్ట చూపించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఎలా పీలుస్తారో కూడా చెబుతుంది. ఒడియా ఇళ్లలో గుడాకుతో పళ్లు తోముకుంటారు. అది పొగాకే అయినా వాళ్ల లెక్కలో పొగాకు కాదు. పొగ తాగేవాళ్లలో ఎ.హెచ్.ఆర్.ఆర్. జన్యువు దగ్గర మిథైల్ తగ్గుతుందన్నావుగా. అందుకే చుట్ట వేరు, గుడాకు వేరు గడుల్లో రాయి.

'మాతృభాష' అన్న ఒక్క గడీ ఇక్కడ చాలదు. తెలుగింట్లో పుట్టి, ఒడియా బడిలో చదివి, సంతలో సవరవాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (ముసలితనంలో మతి తప్పే జబ్బు) రోగుల్ని చూసి, రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో రాసింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించిందట. కాబట్టి ఏ భాష ఎవరితో, ఎప్పటినుంచి అని అడుగు. జ్ఞాపకశక్తి పరీక్ష మాత్రం మనవల్ని తిట్టే భాషలో పెట్టు.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకునేటప్పుడు చదువొచ్చిన బయటి సాక్షి ఉండాలి. నీ వెంట వచ్చిన కుర్రాణ్ని కూర్చోబెడితే కుదరదు.

చివర్లో అందరూ అడుగుతారు, 'నా బుర్రకి ఎన్నేళ్లమ్మా?' అని. అంకె చెప్పకు. నువ్వు తీసింది నెత్తురు, మెదడు కాదు. ఒక్క తలలోనే చిన్నమెదడు మిగతా భాగాలకంటే నెమ్మదిగా ముసలిదవుతుందని ఆ హోర్వాతే 2015లో చెప్పాడు. ఒట్టి చేతులతో మాత్రం లేచి రాకు. బి.పి. మిషను తీసుకెళ్లు, చెవులు ఎలా వినిపిస్తున్నాయో చూడు. లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచుతాయని 2024లో చెప్పిన 14 కారణాల్లో ఆ రెండూ ఉన్నాయి. బి.పి. ఎంతుందో అక్కడే చీటీ మీద రాసిచ్చి, ఎక్కువుంటే ఆసుపత్రికి వెళ్లమని కొడుక్కి చెప్పు.

మీ పెద్దమ్మ