పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నాం.. కేసు అవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. మా పాపకు పదకొండున్నర ఏళ్లు. ఏడాదిన్నర క్రితం ఐదో తరగతిలో ఉండగా ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు స్కేలుతో వేళ్ల మీద కొట్టారు. గుంటకి భయం పట్టుకుంది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేది. ఆ మర్నాటి నుంచే బడి మాన్పించేశాం. నేను బీఈడీ చేశాను, డీఎస్సీకి చదువుతున్నాను. పాపకు ఇంట్లో నేనే చెబుతున్నాను, బాగా నేర్చుకుంటోంది. తనూ టీచరవ్వాలని నా ఆశ. గ్రామ సచివాలయం నుంచి వచ్చి, బడిలో చేర్చకపోతే కేసు అవుతుందంటున్నారు. పాత స్కూలువాళ్లు బాకీ ఫీజు కడితేనే టీసీ ఇస్తామంటున్నారు. మా బంధువు ఒకాయన తనకు తెలిసిన స్కూల్లో పేరు రాయిస్తానని, హాజరు వాళ్లే వేసుకుంటారని, స్టడీ సర్టిఫికెట్లతో పాటు తల్లికి వందనం డబ్బులు కూడా వస్తాయని చెబుతున్నాడు. వీధిలో మరో ఐదుగురు పిల్లల్ని కూడా మా ఇంటికే పంపుతామంటున్నారు. కొట్టిన స్కూలు మీద కేసు వేయవచ్చా? మా ఆయనది హైదరాబాద్‌లో పని. ఎలాగూ బడి లేదు కాబట్టి వచ్చే నెల నుంచి రెండేళ్లు అందరం అక్కడే ఉందామనుకుంటున్నాం.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉత్తరం చివర హైదరాబాద్ మాట మీరు మాటవరసకు రాశారు. నాకు మాత్రం మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

ముందు కేసు సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులోని 10వ సెక్షన్ బిడ్డను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఆ విధి తప్పిన తల్లిదండ్రులకు శిక్ష మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. కాబట్టి బడికి పంపలేదన్న ఒక్క కారణంతో ఆ చట్టం కింద మిమ్మల్ని జైలుకు పంపరు. అలాగని హోమ్ స్కూలింగ్‌కు చట్టంలో అనుమతి ఉందనుకోవద్దు. దానికంటూ రిజిస్ట్రేషన్ గానీ గుర్తింపు గానీ లేవు. 2012లో ఢిల్లీ హైకోర్టులో కేంద్రం వేసిన ఒక అఫిడవిట్‌ను చూపించి వీడియోల్లో 'కోర్టు ఒప్పుకుంది' అని చెప్పేవాళ్లున్నారు. అఫిడవిట్ అంటే ఒక పక్షం చెప్పుకునే మాట. అది తీర్పు కాదు.

ఇంకో సంగతి మీరు గమనించలేదు. మీరు టీసీ తీసుకోలేదు, ఎవరికీ కాగితం రాసివ్వలేదు. అంటే ప్రభుత్వ రికార్డు దృష్టిలో మీ పాప ఇంట్లో చదువుకుంటున్న పిల్ల కాదు, బడి మానేసిన పిల్ల. సచివాలయం సిబ్బంది మీ గుమ్మం తొక్కుతున్నది అందుకే.

ఇక అసలు విషయం. పాప టీచరవ్వాలని రాశారు. డీఎస్సీకి చదువుతున్న మీకు లోకల్, నాన్ లోకల్ అంటే ఏమిటో, ఎక్కువ పోస్టులు లోకల్ వాళ్లకే ఎందుకు దక్కుతాయో నేను చెప్పక్కర్లేదు. కానీ అది బిడ్డకూ వర్తిస్తుందని తట్టలేదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, పదో తరగతి పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. ఆ నాలుగేళ్లలో కొంతకాలమైనా ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే అప్పుడు నివాసం చూస్తారు. పరీక్ష మొదలయ్యే తేదీకి ముందు నాలుగేళ్లూ ఆ ప్రాంతంలోనే నివాసం ఉండాలి. ఇంట్లో చదివే పిల్లకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి మీ పాపకు వర్తించేది ఈ రెండో నిబంధనే.

లెక్క మీరే చూడండి. బడిలోనే ఉండి ఉంటే పాప ఈ జూన్‌లో ఏడో తరగతిలోకి వచ్చేది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది: ఆ నాలుగేళ్లు ఇప్పుడే మొదలవుతున్నాయి. మీరు సరిగ్గా ఇప్పుడే హైదరాబాద్‌కు మకాం మారుస్తామంటున్నారు. నాలుగేళ్ల లెక్క కుదరని వాళ్లకు ఏడేళ్ల లెక్క ఒకటి ఉంది. దానికి కూడా ఆ ఏడేళ్లూ మన రాష్ట్రంలోనే గడవాలి. తెలంగాణ ఇప్పుడు వేరే రాష్ట్రం. రెండేళ్లు అక్కడుండి వచ్చి పాప మామూలు వయసుకే పదో తరగతి రాస్తే అక్కడా లోకల్ కాదు, ఇక్కడా కాదు. ఉద్యోగానికి అనర్హురాలు కాదు గానీ లోకల్‌తో పని లేకుండా అందరూ పోటీ పడే ఓపెన్ కోటాలో మాత్రమే పోటీ పడాలి. పైగా టీచర్ పోస్టులకు లోకల్ అంటే జిల్లా. ఇంజినీరింగ్, డిగ్రీ సీట్ల లెక్క వేరు, అక్కడ ఇంటర్ నుంచి వెనక్కి లెక్కిస్తారు కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. మీరు కోరుకున్నది మాత్రం టీచర్ ఉద్యోగం.

మీ బంధువు చూపించే దారి ఇక్కడే ప్రమాదం. 'లోకల్ కావాలంటే స్టడీ సర్టిఫికెట్లు కావాలి కదా, ఆయన ఇప్పిస్తానన్నవి ఉన్నాయి కదా' అని మీకు ఇప్పుడే అనిపించి ఉంటుంది. ఆ ఆలోచన ఈ క్షణమే వదిలేయండి. వెళ్లని బడిలో హాజరు వేయించి, ఆ సర్టిఫికెట్‌తో సీటో ఉద్యోగమో పొందితే అది మోసం. హాజరు చూపి తల్లికి వందనం డబ్బు తీసుకుంటే ప్రభుత్వ సొమ్ము విషయంలో ఇంకో మోసం. బడులు ఇప్పుడు పిల్లల వివరాలను యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఎక్కిస్తాయి, ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య ఉంటుంది. పాత స్కూలు రికార్డు, కొత్త స్కూలు హాజరు, ఆధార్‌లో హైదరాబాద్ చిరునామా మూడూ పక్కపక్కన పెడితే అబద్ధం బయటపడటానికి పెద్ద విచారణ కూడా అక్కర్లేదు. అది బయటపడేది కూడా రేపో ఎల్లుండో కాదు. పాపకు ఉద్యోగం వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన జరిగే రోజున. అప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీ బంధువు కాదు, మీరూ కాదు, పాతికేళ్ల మీ అమ్మాయి.

స్కూలు మీద కేసు గురించి నిక్కచ్చిగా చెబుతాను. పిల్లను కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, అందులో సందేహం లేదు. కానీ వేళ్లు వాచిన రోజున ఒక ఫొటో తీశారా? డాక్టర్ చీటీ ఉందా? హెడ్మాస్టర్‌కు ఒక ముక్క రాసిచ్చారా? ఏమీ లేదు. బీఈడీ చదివిన మీరే ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలా? మామూలు గాయం నేరానికి ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, సరైన కారణం మీరు చూపాలి. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా వ్యవధి ఉన్నా, సాక్ష్యం పాప మాట ఒక్కటే. భయం ఇప్పుడిప్పుడే తగ్గుతున్న పిల్లను బోనెక్కించి ఎదురు ప్రశ్నలు అడిగించడం నేను సలహా ఇవ్వను. ఫీజు వాపసు కోసం వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. చదువు వినియోగదారుల చట్టం కిందికి వస్తుందా అన్నదానిపైనే తీర్పులు ఒక్క మాట మీద లేవు. ఆ ఖర్చు మీకు దండగ.

వీధి పిల్లల విషయం. సాయంత్రం ట్యూషన్ చెప్పుకోండి. బడి వేళల్లో వాళ్లను బడికి బదులుగా మీ ఇంట్లో కూర్చోబెడితే దాన్ని గుర్తింపు లేని స్కూలు అంటారు. 18వ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు పది వేల దాకా అదనం.

ఇప్పుడు చేయాల్సినది. నా మాట వింటే పాపను దగ్గరలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో నిజంగా చేర్పించండి. ఇంటి చదువును ఉదయం, సాయంత్రం కొనసాగించండి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడి చేర్చుకోవడం ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతోంది. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. మధ్యలో పోయిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ ఉంది. టీసీ కోసం పాత స్కూలుకు స్పీడ్ పోస్టులో దరఖాస్తు పంపి రసీదు దాచండి. బాకీ ఫీజు వసూలుకు వాళ్లకు వేరే దారులున్నాయి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దాని మీద మూడు నెలల్లో తేల్చాలి. ఆ ఫిర్యాదులోనే కొట్టిన విషయం కూడా రాయండి. అది కనీసం రికార్డుకెక్కుతుంది.

పాప బడి పేరెత్తితేనే వణికిపోతోందంటే, ఇంటి చదువే గతి అనుకుంటే, దాచకుండా చేయండి. ఎందుకు మాన్పించారో, ఏం చెబుతున్నారో మండల విద్యాశాఖ అధికారికి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పాప నోటు పుస్తకాలు, మీరు పెట్టిన పరీక్షల పేపర్లు తేదీలతో దాచండి. చదువు ఆపేశారని ఎవరైనా అంటే మీ సాక్ష్యం అవే. పద్నాలుగేళ్లు నిండాక రాష్ట్ర ఓపెన్ స్కూల్లో గానీ జాతీయ ఓపెన్ స్కూల్లో గానీ పదో తరగతికి నమోదు చేయించవచ్చు. పుట్టిన తేదీ ధ్రువపత్రం ఇప్పుడే బయటికి తీసి, పాత స్కూలు రికార్డులో ఉన్న తేదీతో సరిపోయిందో లేదో చూసుకోండి. తేడా ఉంటే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కకముందే సరిచేయించాలి. ఎక్కాక మార్పించడం చాలా కష్టం.

నివాసం విషయంలో కాగితాలు నిజానికి తగ్గట్టు ఉండాలి. ఊళ్లోనే ఉంటే రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఆసుపత్రి చీటీలు ఏటికేడాది ఒక కవరులో పెట్టండి. రేపు తహసీల్దారు నివాస ధ్రువీకరణ ఇవ్వాలంటే అడిగేవి ఇలాంటివే. హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో ఉన్నట్టు చూపించడం కుదరదు, అదీ బంధువు సలహా లాంటిదే. మీ ఆయన ఒక్కరే అక్కడుండి, మీరూ పాపా ఊళ్లో ఉండగలరేమో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ ఒక్కటీ తేల్చుకుని, ఆ తర్వాతే మండల విద్యాశాఖ అధికారి దగ్గరికి వెళ్లండి.