వల మీద పుల్లల్లాంటి జీవులు: ఏ జాతివి?

ప్రశ్న: సముద్రంలో కేజ్ వేసి చేపలు పెంచుతున్నాను. వల పైకి లాగితే ఎండు పుల్లల్లాంటి జీవులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పెద్దవి 2 సెంటీమీటర్లు ఉన్నాయి. రొయ్య పిల్లలా, చేపల్ని పట్టే పురుగులా? మూడు ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ముందు టెన్షన్ వదిలేయండి, ఇవి చేపల ఒంటి మీద బతికేవి కావు. స్కెలిటన్ ష్రింప్ అంటారు గానీ రొయ్య జాతి కాదు, ఆంఫిపాడ్లు అనే చిన్న క్రస్టేషియన్లలో (రొయ్యలు, పీతలు ఉండే పెద్ద వర్గంలోని జీవుల్లో) ఒక రకం. వెనక కాళ్లతో వలను పట్టుకుని, నీళ్లలో కొట్టుకొచ్చే నలుసుల్నీ సూక్ష్మజీవుల్నీ తింటాయి. నడక చూశారా? అచ్చం దాసరి పురుగే!

ఏ జాతో చెప్పడం దగ్గరే చిక్కు. మీ ఫొటోల్లో రెండు ఆడవి. నడుము దగ్గర ఉబ్బుగా ఉన్నది గుడ్ల సంచి. ఆడవాటినీ పిల్లల్నీ చూసి జాతి చెప్పబోతే పొరపాటు పడతాం, ఎదిగిన మగది కావాలి. ఒళ్లు బాగా సాగి, గొల్లభామకు ఉన్నట్టు పెద్ద పట్టుకాళ్లు ఉండేది మగది. మూడో ఫొటోలో ఉన్నది అదే. దాని తల మీద ముందుకు వాలిన ముల్లు ఉంది కాబట్టి కాప్రెల్లా స్కౌరా అనే జాతి అనుకుంటున్నాను. 1836లో మారిషస్ నుంచి వర్ణించిన ఈ జాతి ఇప్పుడు చాలా సముద్రాల్లో ఉంది.

అయితే ఫొటో మసకగా ఉంది. కాప్రెల్లా పెనాంటిస్‌కూ తల మీద మొన ఉంటుంది, కాకపోతే పొట్టిగా, త్రికోణంగా. కాప్రెల్లా ఈక్విలిబ్రాకు తల నున్నగా ఉండి, ముల్లు కిందివైపు, పెద్ద పట్టుకాళ్లు మొదలయ్యే చోట ఉంటుంది. కాప్రెల్లా మ్యూటికా మగదానికి ఒంటి మొదటి రెండు ఖండాల మీద దట్టంగా నూగు ఉంటుంది, 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మీది అది కాదు.

పెద్ద మగవి ఐదారు ఏరి, బతికుండగానే పక్క నుంచి ఫొటో తీయండి, తర్వాత రంగు పోతుంది. ఆపైన 70 శాతం ఆల్కహాల్‌లో వేసి పంపండి. డీఎన్ఏ పరీక్షకు రెండు మూడింటిని 95 శాతంలో విడిగా ఉంచండి. గట్టిగా లాగితే కాళ్లు ఊడతాయి, వల పోగుతో సహా కత్తిరించడం మేలు.

మందులేవీ చల్లొద్దు. గుత్తులు మరీ దట్టమై నీరు ఆడకపోతే వల మార్చండి. వీటికి ఈదే లార్వా దశ లేదు, పిల్లలు సంచిలోంచి పెద్దవాటి చిన్న రూపంలోనే బయటికొస్తాయి. అంటే దూరం వెళ్లేది ఎక్కువగా వలలు, తాళ్లు, పడవల వెంటే. తీసిన వలను పూర్తిగా ఎండలో ఆరబెట్టాకే వేరే చోట వేయండి.